మీ అమ్మమ్మ వాళ్ళమ్మ పేరేమిటి?



ముందుగా మిమ్మల్ని ఒక చిన్న ప్రశ్న అడుగుతాను. కాగితం, కలం అక్కర్లేదు. చేతిలో పని ఆపనూ అక్కర్లేదు. మీ నాన్నగారి తాతగారి పేరేమిటో గుర్తు తెచ్చుకోండి. మనలో చాలామందికి వచ్చేస్తుంది. ఇంట్లో ఎవరో ఒకరికి ఆ పేరే పెట్టి ఉంటారు, లేదా పొలం కాగితాల్లో ఉంటుంది. సరే, ఇప్పుడు మీ అమ్మమ్మ వాళ్ళమ్మ పేరు చెప్పండి. ఆవిడ ఏ ఊళ్ళో పుట్టింది? ఆవిడ పుట్టింటివారి ఇంటిపేరేమిటి?

కాస్త ఆలోచించాల్సి వస్తోంది కదూ! ఆవిడ ఎక్కడో పురాణాల కాలంలో మనిషి కాదు. మీ అమ్మగారిని ఎత్తుకుని పెంచిన మనిషి. మనం పెట్టే ఆవకాయ పాళ్ళు, పాడే జోలపాట, పసిపిల్లకు నలుగు పెట్టే పద్ధతి, ఇవన్నీ ఆవిడ చేతిమీదుగానే మనదాకా వచ్చి ఉంటాయి. చేతిపని మిగిలింది, పేరు పోయింది.

ఇది మన మరుపువల్ల మాత్రమే జరిగింది కాదు. వంశాన్ని లెక్కపెట్టే పద్ధతే అలా ఉంది. తద్దినాలు, తర్పణాలు ఉన్న ఇళ్ళవారు గమనించి చూడండి. తండ్రి, తాత, ముత్తాత, ఈ ముగ్గురి పేర్లూ చెబుతారు. వారి భార్యల పేర్లూ చెబుతారు. సంతోషమే. తరవాత తల్లివైపు వస్తారు. తల్లి తండ్రి, తాత, ముత్తాత, మళ్ళీ వారి భార్యలు. అంటే అమ్మమ్మ పేరు ఉంటుంది. కాని అమ్మమ్మను కన్నతల్లి ఆ వరసలో ఎక్కడా రాదు. అమ్మ, అమ్మమ్మ అని ఆడవాళ్ళ వెంబడి నడిచే దారి రెండో మెట్టు దగ్గరే ఆగిపోతుంది. మరి మంత్రంలో చోటు లేని మనిషిని గుర్తుపెట్టుకోవలసిన వాళ్ళెవరు? మనమే.

"మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి" అనే సామెత ఉండనే ఉంది. వంశచరిత్ర అనగానే కొందరికి అదే గుర్తొస్తుంది. గొప్పలు చెప్పుకోవడానికైతే ఈ శ్రమ అక్కర్లేదు. మన వెనక ఎవరెవరు ఏయే కష్టాలు పడి మనల్ని ఇక్కడికి చేర్చారో తెలుసుకోవడానికి మాత్రం చాలా అవసరం. అందరికీ తెలిసిన ఒక కుటుంబాన్ని తీసుకుని చూద్దాం.

కొమర్రాజు లక్ష్మణరావు గారి పేరు మీరు వినే ఉంటారు. 1877లో కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో పుట్టారు. విజ్ఞానచంద్రికా మండలి స్థాపించి తెలుగులో చరిత్ర, శాస్త్రగ్రంథాలు వెలువరించారు. ఆంధ్రవిజ్ఞానసర్వస్వం మొదలుపెట్టారు. 1923లో పోయారు. కొమర్రాజు వారి వంశవృక్షం గీస్తే తండ్రి వేంకటప్పయ్య గారు, కొడుకు లక్ష్మణరావు గారు అని గీత చక్కగా కిందికి దిగుతుంది. కాని అసలు కథ ఆ గీతకు పక్కన ఉంది.

లక్ష్మణరావు గారికి పసితనంలోనే తండ్రి పోయారు. ఆయన కంటె మూడేళ్ళు పెద్దదైన అక్కగారికి పదేళ్ళ వయసులో పెళ్ళి చేశారు. ఆవిడే అచ్చమాంబ గారు. భర్త ఉద్యోగరీత్యా నాగపూరు ప్రాంతానికి వెళ్ళారు. తమ్ముడు ఆ అక్కగారింట ఉండి చదువుకున్నారు. బడి మొహం చూడని అచ్చమాంబ గారు తమ్ముడి చదువు పక్కన కూర్చుని తానూ నేర్చుకున్నారు. కన్న ఇద్దరు బిడ్డలూ దక్కలేదు. ఆ దుఃఖంలోనే పుస్తకాలు చదివారు, ఊళ్ళు తిరిగి స్త్రీసమాజాలు పెట్టించారు. ఆడవాళ్ళకు బలం లేదు, తెలివి లేదు అనే మాట తప్పని చూపడానికి దేశంలోని స్త్రీల చరిత్రలు ఏర్చి కూర్చి "అబలా సచ్చరిత్ర రత్నమాల" రాశారు. 1901లో మొదటి భాగం వచ్చింది. 1905లో, నిండా ముప్పయ్యొక్క ఏళ్ళయినా వచ్చాయో లేదో, ఆవిడ పోయారు.

ఇప్పుడు చూడండి. ఆవిడ పుట్టింది కొమర్రాజు వారింట. మెట్టింది భండారు వారింట. పుస్తకాలమీద భండారు అచ్చమాంబ అని ఉంటుంది. కొమర్రాజు వారి పట్టీలో వెతికితే భండారు పేరు దొరకదు. పిల్లలు బతకలేదు కనుక భండారు వారి పట్టీలో ఆవిడ గీత కిందికి దిగదు. రెండిళ్ళ చెట్టుమీదా ఆవిడకు కొమ్మ లేదు. అయినా ఆ తమ్ముడు ఆ అక్క ఇంట్లో పెరిగినవాడే కదా!

ఇంకొక ముచ్చట వినండి. ఆవిడ పోయిన మరుసటి సంవత్సరం, 1906లో, లక్ష్మణరావు గారికి కూతురు పుట్టింది. ఆ పిల్ల పేరూ అచ్చమాంబే. ఆ పిల్ల వైద్యం చదివి డాక్టరయింది. విజయవాడలో ఎందరికో పురుళ్ళు పోసింది. 1957లో విజయవాడనుంచి లోకసభకు ఎన్నికయింది. మేనత్త బడికి వెళ్ళలేదు, మేనకోడలు డాక్టరు. నడుమ ఉన్నది ఒకే ఒక్క తరం. ఆ ఇద్దరినీ ఒకే మనిషి అనుకునేవాళ్ళు ఇవాళ్టికీ ఉన్నారు. ఇంత పేరున్న ఇంట్లోనే ఇలా ఉంటే, మన ఇళ్ళ సంగతి చెప్పాలా?

మరి మన ఇళ్ళలో ఎలా మొదలుపెట్టాలి? నేను చెప్పేది వంటింటినుంచి మొదలుపెట్టమని. అటకమీద ఉన్న పాత ఇత్తడి బిందె, కంచు గిన్నె, మరచెంబు దించి చింతపండు పెట్టి తోమండి. అంచుకింద చుక్కలు చుక్కలుగా చెక్కిన అక్షరాలు కనిపిస్తాయి. ఫలానావారు ఫలానా పెళ్ళికి చదివించినది అనో, సారెలో ఇచ్చినది అనో ఉంటుంది. తేదీ కూడా ఉండవచ్చు. ఆడవాళ్ళ పేర్లు ఏ దస్తావేజులోనూ లేని కాలంలో గిన్నెలమీద ఉన్నాయి. స్టీలుకు మార్చడానికి వాటిని తూకానికి వేసే ముందు ఆ అక్షరాలు ఒక కాగితంమీద రాసుకోండి. పాత శుభలేఖలు, తాటాకు జాతకాలు, రామకోటి పుస్తకాల మొదటి పేజీలు, ఇవన్నీ అలాంటి ఆధారాలే.

తరవాత పెద్దవాళ్ళను అడగడం. "మన వంశచరిత్ర చెప్పండి" అంటే పెద్దావిడ బెదిరిపోతుంది, నాకేం తెలుసమ్మా అంటుంది. అలా అడగకూడదు. "మీ తొలి పురుడు ఎవరింట్లో పోశారు? పథ్యం ఎవరు పెట్టారు? పెళ్ళికి ఏ ఊరినుంచి బళ్ళు కట్టుకుని వచ్చారు? మీకు జడ ఎవరు వేసేవారు?" అని అడగండి. ఒక్కొక్క ప్రశ్నకూ నలుగురు మనుషులు బయటికి వస్తారు. ఇప్పుడు చేతిలో ఫోను ఉంది కనుక ఆవిడ గొంతు కూడా పట్టి ఉంచుకోవచ్చు. ఆవిడకు చెప్పే చేయండి.

సంవత్సరాల దగ్గర చిక్కు వస్తుంది. "నేను రౌద్రినామ సంవత్సరంలో పుట్టాను" అంటుంది ఆవిడ. దీనికి సులువైన లెక్క ఉంది. ప్రభవ మొదలు అక్షయ వరకూ అరవై పేర్లు, పంచాంగంలో వరసగా ఉంటాయి. 1867, 1927, 1987, ఈ మూడూ ప్రభవ ఉగాదులు వచ్చిన సంవత్సరాలు. రౌద్రి యాభై నాలుగవది. అంటే ప్రభవకు యాభై మూడు కలపాలి. 1920 అవుతుంది, లేకపోతే 1980. అమ్మమ్మ గారైతే ఏదో వేరే చెప్పాలా! ఉగాదికీ డిసెంబరుకూ మధ్య పుట్టిందా, జనవరి తరవాతనా అన్నది మాత్రం చూసుకోవాలి. జనవరి దాటి పుట్టినవారికి ఒక సంవత్సరం ముందుకు వేయాలి.

సంవత్సరం పేరు కూడా తెలియకపోతే పెద్ద ఆపదలే గుర్తులు. గుంటూరు ప్రాంతపు నందన కరువు 1832–33. బందరు ఉప్పెన 1864 నవంబరు 1న వచ్చి ముప్పయి వేలమందిని పొట్టన పెట్టుకుంది. ధాత కరువు 1876లో మొదలై 1878 దాకా రాయలసీమను కాల్చింది. హైదరాబాదులో మూసీ వరద 1908 సెప్టెంబరులో. ఇంటింటా శవాలు లేచిన ఇన్‌ఫ్లుయెంజా 1918లో. దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19న. "మా అమ్మ మూసీ వరదనాడు చంకలో పిల్ల" అన్నారంటే, ఆవిడ పుట్టింది ఎప్పుడో మనకు దాదాపు తెలిసినట్టే.

పేర్ల విషయంలో రెండు జాగ్రత్తలు. మనవడికి తాత పేరు, మనవరాలికి నాయనమ్మ పేరు పెట్టడం మన ఆచారం. అందుచేత ఒకే పేరు తరం విడిచి తరం వస్తుంది. ఇద్దరిని ఒకరుగా కలిపేస్తే అరవై ఏళ్ళు మాయమవుతాయి. ప్రతి పేరు పక్కనా ఫలానావారి కూతురు, ఫలానావారి కోడలు అని రాసుకోవాలి. రెండోది, అత్తగారి పేరు నోటితో అనకూడదని ఆ పేరుగల పిల్లను అమ్మడనో బుజ్జి అనో పిలిచేవారు. కొన్ని ఇళ్ళలో పెళ్ళికాగానే కోడలి పేరే మార్చేవారు. పుట్టింటి పేరు, మెట్టినింటి పేరు, పిలిచే పేరు, మూడూ అడగండి.

ఇంటిపేరు కూడా ఒక ఆధారమే. చాలా ఇంటిపేర్లు ఊళ్ళ పేర్లు. వేమూరులో ఉన్నంతకాలం వేమూరివారని ఎవరంటారు? అందరూ ఆ ఊరివాళ్ళే కదా! ఊరు విడిచి పోయాకనే ఆ ఊరు మనిషికి అంటుకుంటుంది. కనుక ఊరి పేరు ఇంటిపేరుగా ఉందంటే, ఎప్పుడో ఎవరో ఆ ఊరు విడిచి వచ్చారని అర్థం. కరువుకా, కూలికా, కొలువుకా అన్నది మనం వెతకాలి.

ఇంక కాగితాలు. కాశీలో, గయలో పండాల దగ్గర యాత్రికుల పుస్తకాలుంటాయి. వెళ్ళినవారు ఊరు, పేరు, తండ్రి తాతల పేర్లు రాసి చేవ్రాలు చేసి వస్తారు. పూర్వం కొన్ని కులాలకు వంశాలు, గోత్రాలు పాడి చెప్పే ఆశ్రితులు ఉండేవారు. పద్మశాలీలకు కూనపులివారు, మాదిగలకు డక్కలివారు అలాంటివారు. చదువు లేని ఇళ్ళకు చరిత్ర లేదనుకోవడం సరికాదు, అది వేరొకరి నోట ఉంది. భూమి ఉన్నవారికి కోస్తాలో, సీమలో అడంగళ్ళు, రీసర్వే రిజిస్టర్లు ఉన్నాయి. ఇనాం భూములైతే 1858లో మొదలైన ఇనాం కమిషన్ వారి రిజిస్టర్లున్నాయి. తెలంగాణలో సేత్వార్, 1954–55 ఖాస్రా పహాణీ ఉన్నాయి. వీటిలో మగవారి పేర్లే ఎక్కువ. ఆడవారి కోసం పసుపు కుంకుమ కింద భూమి రాసి ఇచ్చిన దస్తావేజులు చూడండి. కూతురి పేరు, అల్లుడి ఊరు అందులో ఉంటాయి. ఆ పొలం తరవాత ఏమయిందో కూడా చూడండి. ఎన్ని ఇళ్ళలో ఆ భూమి అమ్మి మరిది చదువో, ఆడబిడ్డ పెళ్ళో చేశారో తెలుస్తుంది!

ఒక విచిత్రం చెబుతాను. జమీందారీ ఇంటి కోడలి పేరు ఎక్కడా దొరకకపోవచ్చు. కాని కూలికి ఓడ ఎక్కిపోయిన ఆడమనిషి పేరు దొరుకుతుంది. 1860లో మద్రాసునుంచి ట్రూరో అనే ఓడ బయలుదేరి నవంబరు 16న దక్షిణాఫ్రికాలోని డర్బను చేరింది. 1911 దాకా అలా నటాలుకు పోయినవారు లక్షా యాభై రెండు వేలమందికి పైనే. అందులో విశాఖ, గోదావరి, గంజాం ప్రాంతాల తెలుగువారు ఎందరో ఉన్నారు. ప్రతి మనిషికీ ఒక అంకె వేసి, పేరు, తండ్రి పేరు, వయసు, ఊరు, ఒంటిమీది మచ్చ సైతం రాసుకున్నారు. ఆడవారికీ విడివిడిగా రాశారు. ప్రేమతో రాసింది కాదు, కూలీ తప్పించుకు పోకుండా రాసింది. అయినా ఆ పట్టీలు చూసుకుని నాలుగైదు తరాల తరవాత మనవలు మన ఊళ్ళు వెతుక్కుంటూ వస్తున్నారు. కొట్టు పద్దులాగా రాసిన రాతే వాళ్ళకు ముత్తవ్వను మిగిల్చింది. మనం ప్రేమగా పెంచుకున్న ముత్తవ్వ పేరు రాసుకోక పోగొట్టుకున్నాం.

ఇలా వెతుకుతూ పోతే అన్నీ మంచి సంగతులే దొరకవు. ఎనిమిదేళ్ళకే పసుపు కుంకుమలు పోయి, జీవితమంతా మడివంటకే అంకితమైన మేనత్త ఉంటుంది. పురిట్లో పోయిన మొదటి భార్య ఉంటుంది. ఆవిడ బిడ్డను సొంతబిడ్డలా పెంచిన రెండో ఆవిడ ఉంటుంది. దత్తతకు వెళ్ళిన పిల్లవాడు, కులం కాని పెళ్ళి చేసుకుందని పేరు కొట్టేసిన కూతురు, నూతిలో పడిందని మాత్రం చెప్పి నోరు మూసుకునే ఒక కోడలు ఉంటారు. ఇవి రాయాలా వద్దా అని అడుగుతారు. పత్రికలో వేయమని నేననను. బతికి ఉన్నవారిని నొప్పించమనీ అనను. మీ పుస్తకంలో మాత్రం ఆ పేరు ఉండాలి. బతికి ఉన్నన్నాళ్ళూ సుఖపడని మనిషికి, పోయాక పేరైనా లేకుండా చేయడం న్యాయమా?

ఇందులో రోజువారీ ప్రయోజనం కూడా ఉంది. డాక్టరు దగ్గరికి వెళితే ముందు అడిగేది మీ ఇంట్లో ఎవరికైనా చక్కెర జబ్బు, గుండెజబ్బు ఉన్నాయా అని. రొమ్ములో గడ్డ అంటే అమ్మకు, పిన్నికి, అమ్మమ్మకు ఉందా అని అడుగుతారు. "ఏదో మాయరోగంతో పోయింది" అని మన పెద్దలు చెప్పిన మాట వెనక ఏ జబ్బు ఉందో! మేనరికాలు తరాల తరబడి జరిగిన ఇళ్ళలో కొన్ని జబ్బులు పిల్లల్లో బయటపడే అవకాశం ఎక్కువ. ఎవరు ఎవరికి ఏమవుతారో రాసి ఉంటే పెళ్ళికి ముందే డాక్టరును సంప్రదించవచ్చు.

ఆస్తి సంగతి మీకు తెలియంది కాదు. హిందూ కుటుంబాల ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానమైన హక్కు ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరునుంచి, అప్పటికి పెళ్ళికాని కూతుళ్ళకు వచ్చింది. 2005లో దాదాపు దేశమంతటికీ వర్తించింది. కాని కుటుంబసభ్యుల పట్టీ రాసేటప్పుడు "ఆడపిల్లలు ఎందుకులే, పెళ్ళిళ్ళయి పోయారుగా" అని పేర్లు వదిలేసే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. వంశవృక్షంలో కొమ్మ లేకపోతే ఉన్న హక్కును చూపించుకోవడమూ కష్టమవుతుంది. మన పిల్లల చేత గీయించే చెట్టులో ఆడకొమ్మలు కూడా వేయించండి.

పని ఎలా చేయాలంటే, ఒక పొడుగు నోటుపుస్తకం కొనండి. మధ్య పేజీలో మీ పేరు రాయండి. ఎడమవైపు అమ్మ, అమ్మమ్మ, అమ్మమ్మ వాళ్ళమ్మ. కుడివైపు నాన్న, నాయనమ్మ, నాయనమ్మ వాళ్ళమ్మ. ఒక్కొక్క ఆడమనిషికి ఒక పేజీ. పుట్టినూరు, మెట్టినూరు, కన్నబిడ్డలు ఎందరు, దక్కినవారెందరు, చేతి పనిలో ఏది బాగా వచ్చు, ఏ మాట ఎక్కువగా అనేది. తెలిసింది సిరాతో, ఎవరో చెప్పింది పెన్సిలుతో రాయండి. రెండోవారు కూడా అదే చెప్పాక సిరా దిద్దండి. తెలియనిచోట ఖాళీ ఉంచండి. ఊహించి నింపవద్దు. ఖాళీని చూస్తే ఎవరికో ఒకరికి తెలిసినది గుర్తొస్తుంది. అత్తవారి వైపుకు కూడా ఇలాగే ఇంకొక పుస్తకం. కోడలు కూర్చుని "మీ అమ్మ పేరేమిటత్తయ్యా?" అని అడిగితే, ఎన్నేళ్ళుగా ఎవరూ అడగని మాట అడిగినట్టు అత్తగారి ముఖం ఎలా మారుతుందో మీరే చూస్తారు.

ఇంటికి పెద్దవాళ్ళు ఉన్న అక్కచెల్లెళ్ళు అదృష్టవంతులు. ఆ పుస్తకం వచ్చే పండక్కి మొదలుపెడదామని వాయిదా వేయకండి. దస్తావేజు పోతే నకలు తెచ్చుకోవచ్చు. పెద్దావిడ పోతే నకలు లేదు. ఇవాళ మధ్యాహ్నం భోజనాలయ్యాక, ఆవిడ నడుం వాల్చేముందు పక్కన కూర్చుని ఒక్క పేరు అడిగి రాసుకోండి.

సెలవు.